మూడు తొమ్మిదులు

కాశిమేడు ఐసు ఫ్యాక్టరీలో రాత్రి లెక్కలు నావి.
ఏ లాంచికి ఎన్ని ఐసు బార్లు, ఎవరి పద్దు, ఎంత బాకీ.
మధ్యలో చదువుకోవడానికి
బ్రాడ్వే పేవ్‌మెంట్ మీద కిలో లెక్కన కొన్న పుస్తకం ఒకటి.
అట్ట లేదు, మొదటి నలభై పేజీలు లేవు,
కనక నా గ్రీసు దేశం
యుద్ధం మధ్యలోంచే మొదలవుతుంది.

ఈ రాత్రి చంద్రగ్రహణం.
అమ్మ పొద్దున్నే ఊరగాయ జాడీ మీద దర్భ వేసింది,
ఫ్రిజ్ మీద కూడా ఒకటి, దేనికైనా మంచిదని.

పుస్తకంలోనూ గ్రహణమే.
పరాయి దీవి మీదికి దండెత్తి, ఓడి,
ఇక ఇంటికి పోదామని ఏథెన్సు వాళ్ళు
ఓడలన్నీ సిద్ధం చేసుకున్న రాత్రి
పున్నమి చంద్రుడు నల్లబడ్డాడు.
సేనాని వణికాడు.
భయం తీర్చే పాత జోస్యుడు అంతకుముందే పోయాడట.
మిగిలినవాళ్ళు వేళ్ళు ముడిచి చెప్పారు:
మూడు తొమ్మిదుల రోజులు కదలకూడదు.

ఇరవై ఏడు.
నేను అశ్విని నుంచి లెక్కపెట్టాను.
మఖలో పుట్టి పుబ్బలో పోయింది వాళ్ళ ఆశ,
శత్రువు రేవు నోటికి అడ్డంగా పడవలు కట్టి గొలుసు బిగించాడు.
రేవతి వచ్చేసరికి
ఏడువేలమంది రాళ్ళ క్వారీలో ఉన్నారు,
పైన ఎండ,
రోజుకి మనిషికి సోలెడు నీళ్ళు.
నాటకంలో పద్యాలు నోటికొచ్చిన కొందరిని మాత్రం
పాడించుకుని వదిలేశారట.

నేనైతే ఏం మారుస్తానంటే,
రాజుల్ని కాదు, కత్తుల్నీ కాదు.
ఒక్క మబ్బు.
మా రాయపురం మీద వేలాడేలాంటి దుప్పటంత మబ్బు,
గంటసేపు చాలు.
చంద్రుడు నల్లబడింది ఎవరూ చూడరు.
తెడ్లు నీళ్ళలో పడతాయి.
నెల తిరక్కుండా ఎవడో కుమ్మరి తన గడప ముందు
కాళ్ళు కడుక్కుంటాడు,
కూజా మీద ఎప్పటిలాగే గుడ్లగూబ కళ్ళు దిద్దుతాడు.
ఏథెన్సు ఇంకో వందేళ్ళు వెలుగుతుందో,
వచ్చే ఏడే ఇంకో దీవి మీద పడుతుందో.
ఆ దీవిలో వలలు వేసుకునేవాళ్ళని
నా మబ్బు అడిగి రాలేదు.
క్వారీలో పాడినవాడు ఆ లెక్కన ఎక్కడా పాడడు,
ఊరికే పొలానికి పోయొస్తాడు.
అదే మేలు.
పద్యం లేకపోతే లేకపోయింది.

నాలుగేళ్ళ కిందట గ్రహణం రోజున
మా తమ్ముడు దేశయ్య లాంచి ఎక్కబోతుంటే
పోలయ్య బాబాయి ఆపాడు.
విడిచాక పోదురులేరా, అన్నాడు.
విన్నారు, బుద్ధిమంతులు.
తలంట్లు పోసుకుని మర్నాడు తెల్లారుజామున పోయారు.
సాయంత్రానికి గాలి తిరిగింది.
మాట వినకుండా ముందురోజే పోయినవాళ్ళు
పెట్టెల నిండా వంజరంతో తిరిగొచ్చి
వేలంలో రేటుకోసం కొట్లాడుకున్నారు.

అప్పట్నుంచి బాబాయిని ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరూ ఏమీ అడగలేదు కూడా.
ఆ గ్రీకు జోస్యులు తర్వాత ఏమయ్యారో
నా పుస్తకంలో లేదు. వెతికాను.

ఈ రాత్రి మబ్బు పట్టింది.
కుర్రాళ్ళు గ్రహణాన్ని ఫోన్లో చూస్తున్నారు,
పైన చూడ్డానికి ఏమీ లేదు.
"కనబడని గ్రహణం గ్రహణమేనా అక్కా?"
నన్నెందుకు అడుగుతారు?
బాబాయి వల కుప్ప మీద కూర్చుని,
సముద్రానికి వీపు పెట్టి చుట్ట వెలిగించాడు.
ఏమన్నా అంటాడేమోనని నలుగురూ కాసేపు ఆగారు.
అనలేదు.
ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

అరవై బార్లు అని రాశాను.
అరవై ఒకటి వేయించాను.
ఆ ఒకటి ఎవరి పద్దులోనూ లేదు.
చెక్క మీద అది జారిపోతుంటే
కరిగిన నీళ్ళు
నా చెప్పుల కిందికొచ్చాయి.