మూత లోపల పెన్సిల్ అంకెలు

ఫిబ్రవరి చివర్లో వచ్చింది ఉత్తరం.
"ప్రియమైన ఇద్వాల్ ప్రోసర్ గారికి" అని మొదలుపెట్టి
ఏప్రిల్ నుంచి నెలకు పౌండు ఎనభై పెన్నీలు పెంచుతున్నామంది.
ప్రియమైనవాళ్ళకే పెంచుతారు కాబోలు.
కొత్తగా చేరేవాళ్ళకి సగం ధరట,
లాంపీటర్ బస్టాపులో నిలువెత్తు బొమ్మేసి మరీ చెబుతున్నారు.

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి.
ముసురు పట్టినప్పుడు తీగ కాస్త బిగుస్తుంది,
చలికి పొయ్యి రాజెయ్యగానే మళ్ళీ దిగుతుంది,
ఎవరూ ముట్టుకోకపోయినా సరే.
నలభై ఏళ్ళలో ఎక్కి దిగనిది
ఈ బిల్లొక్కటే చూశాను.

"వేరే కంపెనీకి మారిపో మామయ్యా" అంది నోన్,
బిస్కెట్టు టీలో ముంచుతూ.
తనకేం, తన నంబరు తన ఫోనులోనే ఉంది.
నాది ట్రెగారన్ చాపెల్లో పియానో మూత లోపల ఉంది.
అబెరైరాన్ బడిలో, ఎడమ పక్క, ఏడు తేదీల కింద.
పశువుల సంత దగ్గరి పబ్బులో, బీరు ఒలికి సగం చెరిగి.
మెర్విన్ టీచరు పోయాక ఆవిడ పియానో ఎవరో కొని
కార్డిఫ్ తీసుకుపోయారు, దాంతో పాటు నేనూ వెళ్ళాను.
పెన్సిలుతో రాస్తాను:
తేదీ, శ్రుతి ఎంత దిగిందో, నా పదకొండు అంకెలు.
పన్నెండేళ్ళకోసారి మూతెత్తే ఇళ్ళుంటాయి.
ఎత్తిన రోజు నేను పలకొద్దూ?

శనివారం ఫోను చేశాను,
తెగతెంపులకి కాదు, బతిమాలుకోవడానికే.
నలభై నిమిషాలు వాళ్ళ సంగీతం వినిపించారు.
పియానోయే.
మధ్య స్థాయిలో ఒక మెట్టు వెంట్రుకవాసి దిగి ఉంది.
రెండు నిమిషాలకోసారి
అన్నంలో అదే రాయి, అదే పన్ను.

చివరికి డార్సీ అనే కుర్రాడు పలికాడు, గేట్స్‌హెడ్ నుంచి.
ముందు అదే చెప్పాను, మీ పియానో శ్రుతి తప్పిందని.
కాసేపు మాట లేదు.
"పైవాళ్ళకి కలపాలంటే మేమూ అదే వినాలి సార్.
ఏదో తేడా అని తెలుసు, ఏంటో ఇన్నాళ్ళూ తెలీలేదు."

తర్వాత కాగితం చూసి చదివే గొంతు తెచ్చుకున్నాడు.
పెంపు ఆపడం తన చేతిలో లేదట.
వెళ్ళిపోతానంటే మాత్రం నాలుగు పౌండ్లు తగ్గించగలడట.
"ఉంటానంటే?"
"ఉంటానంటే ఏం లేదు సార్."
ఒప్పందం ఇంకా ఎన్నాళ్ళుందో చూడమన్నాను.
కీబోర్డు టకటకలాడింది, ఆగింది.
"అది అయిపోయి పద్నాలుగు నెలలైంది."

గొళ్ళెం పెట్టని తలుపు దగ్గర
పద్నాలుగు నెలలు కూచున్నానన్నమాట,
తొయ్యడానికి మొహమాటపడి.

"మరి నా నంబరు?"
"అది మీది సార్. మాది కాదు."
ఆ మాట కాగితంలో లేదనుకుంటాను,
మళ్ళీ అతని సొంత గొంతే వచ్చింది.
ఒక పొట్టి నంబరుకి మూడక్షరాల మెసేజ్ పెట్టమన్నాడు.
నిమిషంలో జవాబు: మూడు అక్షరాలు, ఆరు అంకెలు,
పాలడబ్బా మీద లాగే కింద గడువు తేదీ, నెల రోజులు.
బిల్లు వెనక రాసుకున్నాను, పెన్సిలుతోనే.
నాలుగు పౌండ్లు తీసుకోలేదు.
ఎందుకని నోన్ అడిగితే చెప్పలేకపోయాను.

మంగళవారం, ట్రెగారన్ చాపెల్.
పొద్దుటి నుంచి ఫోనులో సిగ్నల్ లేదు.
నడిమి తీగలు బిగిస్తుంటే
పదకొండున్నరకి కోటు జేబులో ఒకసారి వణికింది,
కొత్త కంపెనీ, స్వాగతం.
నోన్ చేత చేయించి చూశాను. మోగింది. అవే అంకెలకి.

లెక్కలు చూసే ఆనుడ్ గారు టీ పెట్టి వెళ్తూ,
"అన్నీ ఏప్రిల్లోనే పెరుగుతాయేం ఇద్వాల్,
నువ్వు మాత్రం ఏమీ పెంచలేదు" అంది.
పెంచలేదండీ, అన్నాను.
పనిసంచిలో, మీటుగొట్టాల కింద,
ఐదు పౌండ్లు పెంచుతూ నేను రాసిన ఉత్తరం ఉంది.
"ప్రియమైన చాపెల్ వారికి" అనే మొదలవుతుంది.
ఇవాళ ఇద్దామనే తెచ్చాను.

టీ చల్లారేలోపు ఇంకో మూడు తీగలు బిగించాను.
మూత లోపల తేదీ వేశాను.
నంబరు మళ్ళీ రాయనక్కర్లేదు,
అయినా పాత అంకెల మీదే ఇంకోసారి దిద్దాను.