నలభై మూడోసారి

పైకి చూస్తే బోరింగుకి ఏ జబ్బూ లేదు.
ఇనుము ఇనుములాగే ఉంది.
దానమిచ్చిన వాళ్ల పేర్ల పలక
ఎండకి తళతళలాడుతూనే ఉంది.
ముప్పై మీటర్ల లోతున
పసిపిల్ల గాజంత రబ్బరు వాషరు
అరిగిపోయింది. అంతే.
మూడు నెలలుగా ఊరు ఊరంతా
షిరే నది నీళ్లు తాగుతోంది.

ఫలేసి సైకిలు మీద వచ్చింది,
వీపున గుడ్డలో పిల్లాడు,
క్యారియరు మీద రెండు పానాలు, ఓ తాడు.
బ్లాంటైరులో ఆ వాషరు కొనడానికి
రెండు కోళ్లు అమ్మింది.
ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

"ఆడమనిషి విప్పింది మళ్లీ బిగుస్తుందా?"
నీడలోంచి లుఫెయో.
ఒక పానా అతని చేతిలో పెట్టింది:
"గట్టిగా పట్టుకో. వదిలావా, గొట్టం పాతాళానికే."
సాయంత్రం దాకా అతను నోరు విప్పలేదు.

కడ్డీలు ఒక్కొక్కటే పైకొచ్చాయి
చేపలోంచి ముల్లు లాగినట్టు.
పట్టా మీద పరిస్తే
పిల్లలు వాటికి చెంపలు ఆనించుకున్నారు,
ఎంత చల్లగా ఉన్నాయో అని.

నది మాట ఎవరూ ఎత్తలేదు.
ఎత్తనక్కర్లేదు.
డొరికా అవ్వ జాకెట్టుకి కుడి చెయ్యి
ముడివేసి ఉంటుంది.
లోతున మొసలి,
ఒడ్డున బురదనీళ్లు, పిల్లలకి విరేచనాలు.
ఈ రెంటిలో ఏది నయమో
తల్లులు రోజూ పొద్దున్నే
తూకం వేసుకునేవారు.

బిగింపు అయ్యేసరికి పొద్దు వాలింది.
"కొట్టండి" అంది ఫలేసి.
గాలి. ఉత్త గాలి.
ముసలాడి పొడిదగ్గులాంటి చప్పుడు.
ఇరవై. ముప్పై.
నలభై రెండు దగ్గర పిడి బరువెక్కింది.
బోరింగు కొట్టిన చేతులకి తెలుసు ఆ బరువు,
అడుగునుంచి ఎవరో
మన చెయ్యి అందుకున్నట్టు.

నలభై మూడు.
ఎర్రగా, తుప్పునీళ్లు.
గిన్నెలతో ఎగబడ్డారు.
ఆమె అడ్డం నిలబడింది.
బకెట్టు మీద బకెట్టు నేలపాలు చేయించింది.
తేటపడ్డాక కూడా
క్లోరిను పోసి, పిడికి గొలుసు కట్టి,
"తాగడం రేపు" అంది.

తిట్టారు. బాగానే తిట్టారు.
తర్వాత చాపలు తెచ్చుకుని
బోరింగు చుట్టూ పడుకున్నారు.
అవ్వ మాత్రం కూర్చునే ఉంది.
ఉన్న ఒక్క చేతినీ గొట్టం కింద పట్టి,
రాలే చుక్కల్ని
తాగకుండా
లెక్కపెడుతూ.

ఫలేసి టార్చి వెలుగులో నోటుబుక్కు తీసింది:
వాషరు ఒకటి. బాకీ.
జొన్నలు కోశాక.

పిల్లాడి తడిగుడ్డ ఉతికి
ఆరేయడానికి చోటు వెతికింది.
పేర్ల పలక పనికొచ్చింది.