పసుపు గీత

థోర్‌స్టాడ్ అండ్ మెల్బీ ట్రాక్టర్ కంపెనీలో
నా పని గీత గీయడం.
చక్రానికి ఆకుపచ్చ రంగు ఆరాక
అంచు పొడవునా, చిటికెన వేలి మందంలో సగం,
ఒకే ఒక్క పసుపు గీత.

ఉడుత వెంట్రుకల కుంచె. బిగబట్టిన ఊపిరి.
చక్రాన్ని ఇంకొకరు తిప్పుతారు, నేను కదలను.
ఆడవాళ్ల చెయ్యి వణకదని మెల్బీ లెక్క.
మగవాడి కూలిలో సగం చాలన్నదీ
అతని లెక్కే.

మొదటి ఏడాది పదకొండు బండ్లు.
ఒక్కోటి పది టన్నులు,
వెనక చక్రం నాకన్నా రెండు జానలు ఎత్తు.
ఫ్లైవీల్ మీదికెక్కి తొక్కితే తప్ప లేచేది కాదు.
లేచిందా, ఏటి అవతలి చర్చిలో
పాస్టరు ప్రసంగం ఆపి కూర్చునేవాడు.
అన్‌స్గర్ థోర్‌స్టాడ్ మాత్రం
పళ్ల మధ్య కర్రపుల్ల కరిచిపట్టి
రెండో కొసను సిలిండరుకు ఆనించి
కళ్లు మూసుకుని వినేవాడు,
మంత్రసాని కడుపు మీద చెవి పెట్టినట్టు.

డకోటా నుంచి ఒక రైతు రాశాడు:
"బీడు విరిగింది. ఎనిమిది గుర్రాలనూ అమ్మేశాను.
ఏడింటి పేర్లు ఇప్పటికీ పలకగలను."
మెల్బీ ఆ ఉత్తరాన్ని కేటలాగులో అచ్చేయించాడు,
చివరి వాక్యం కొట్టేసి.

తర్వాత ఎక్కడో యుద్ధం. గోధుమ బంగారమైంది.
ఫౌండ్రీకి రెండో పొగగొట్టం, గేటుదాకా రైలు పట్టాలు,
కంపెనీకో బ్యాండు మేళం.
గీతలవాళ్లం తొమ్మిదిమందిమి అయ్యాం.
నా చక్రం తిప్పేవాడు వోయ్‌టెక్,
బొహీమియా నుంచి వచ్చిన కుర్రాడు.
ఇంగ్లీషు అంతంతమాత్రం, మిమిక్రీ మాత్రం అద్భుతం.
ఒకరోజు చలిలో ఇంజను ఎలా దగ్గి లేస్తుందో చేసి చూపించాడు.
రెండు పొడి దగ్గులు, ఒక తడి దగ్గు.
అచ్చం మెల్బీ!
నాకు నవ్వాగలేదు.
గీత నాలుగంగుళాలు అలలా లేచి పడింది.
తుడిచి మళ్లీ గీయాలి.
గీయలేదు.
ఇరవై ఏడు వందల పద్నాలుగో నంబరు బండి
నా నవ్వుతోనే రైలెక్కింది.

గోధుమ ధర సగానికి పడిన శరదృతువులో
డెట్రాయిట్ నుంచి చిన్న ట్రాక్టర్లు దిగాయి.
తేలిక. మా ధరలో మూడోవంతు.
"అది ట్రాక్టరా? కుట్టుమిషను!" అన్నాడు థోర్‌స్టాడ్.
ఊరూరా ఆ కుట్టుమిషనే కొన్నారు.
ఆయనా ఒక చిన్నది చేశాడు, ఆలస్యంగా.
గేర్లు పెంకుల్లా విరిగాయి,
మూడు వందలూ వెనక్కొచ్చాయి.

ఓడలు బళ్లవుతాయంటారు.
మా బళ్లు ఓడలకు తీసిపోని బరువు,
అవి మరేమీ కాలేకపోయాయి.
బ్యాంకులు రైతుల దగ్గర గుంజుకున్నవన్నీ
యార్డులో మంచు కప్పుకుని నిలబడ్డాయి.
ఒక మధ్యాహ్నం వాటి మధ్య నడుస్తూ
మోకాటి ఎత్తున నా అలను చూశాను.
వోయ్‌టెక్ అప్పటికి వెళ్లిపోయాడు.
మాంసం ఫ్యాక్టరీకన్నారు కొందరు, గనికన్నారు కొందరు.
ఆ బండి అరవై డాలర్లకు
ఎవరో రంపపు మిల్లువాళ్లకు పోయింది.

ఇల్లినాయి నుంచి కొనడానికొచ్చినవాళ్లకు
డీలర్ల చిట్టా చాలింది.
అచ్చుపెట్టెలు పొయ్యిలోకి,
షెడ్డు పరుపుల గోడౌనుకు.
థోర్‌స్టాడ్ ఊళ్లో గడియారాలు బాగుచేశాడు,
పుల్ల అవసరం లేని పని.

నిన్న పాత యంత్రాల ప్రదర్శనకు
మనవరాలు తీసుకెళ్లింది.
డెల్బర్ట్ అనే కుర్రాడు నాలుగేళ్లు తుప్పు గీకాడట.
నంబరు పలక మీద 2714.
"టేపు అంటించి గీశాను, ఎంత నిటారుగా ఉందో చూడు బామ్మా.
పాత గీత ఒకచోట వంకర.
తాగి గీశాడెవడో. అరగదీసేశాను."
బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

వాడు ఫ్లైవీల్ ఎక్కి తొక్కాడు.
ఏం కాలేదు.
మళ్లీ తొక్కాడు.
రెండు పొడి దగ్గులు.
నేను మనవరాలి భుజం పట్టుకున్నాను,
మూడోదాని కోసం.