తుండుగుడ్డ లేని బేరం

ఏలూరు రోడ్డు హోటల్లో రెండో అంతస్తు.
ఏసీ నీళ్లు కార్పెట్టు మీద చుక్కలు చుక్కలుగా.
అటు కంపెనీ వాళ్లు నలుగురు,
ఇటు యూనియన్ తరఫున మేం ముగ్గురం:
నేను, కెప్టెన్ మస్తాన్‌వలీ,
కొత్త పైలట్ల తరఫున సువార్త,
ఇంతవరకూ నోరు విప్పని పిల్ల.

మధ్యన ఒక కాగితం. పద్దెనిమిది పేర్లు.
ఆఖర్న చేరినవాళ్లు ముందు దిగాలట.

"తీసెయ్యడం కాదండీ, జీతం లేని సెలవు"
అన్నాడు టై ఆయన, పెన్ను మూత తీస్తూ పెడుతూ.
సెలవైతే తిరిగి రమ్మనే తేదీ ఉండాలి కదా, అన్నాను.
తేదీ గడి ఖాళీగా ఉంది.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో దళారి.
తుండుగుడ్డ కింద చెయ్యి దూర్చి
వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు.
కళ్లమ్మట నీళ్లు కారుతుండేవి ఎప్పుడూ.
అది కాయ ఘాటో, బేరం ఘాటో
ఇంట్లో ఎవరమూ అడగలేదు.

ఇక్కడ తుండు లేదు, ప్రొజెక్టరుంది.
గోడ మీద మా జీతాలు నీలిరంగులో నిలబడ్డాయి.
వాళ్లు పాతిక శాతం కోతన్నారు. మేం ఎనిమిదన్నాం.
పునుగులొచ్చాయి, చల్లారాయి.
గ్యారంటీ గంటలు డెబ్బై నుంచి యాభై ఐదుకి జారాయి.
రాత్రి బస డబ్బులు పోయాయి.
ఇరవై దగ్గర వాళ్లు మొండికేశారు,
పది దగ్గర నేను.

అప్పుడు బల్ల కింద నా చెయ్యి అందుకున్నాడు మస్తాన్.
మూడు వేళ్లు నొక్కాడు.
ఎప్పుడో కడపలో, వానకి విమానం ఆగిపోయిన రాత్రి
మా నాన్న లెక్క నేనే చెప్పాను: వేలికి ఐదు.

పదిహేను.

పద్నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి.
గ్రాట్యుటీ ఆఖరి జీతం మీద కడతారు,
ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు.
మొహంలో మాత్రం ఏమీ లేదు.
చల్లారిన పునుగుని చట్నీలో ముంచుతున్నాడు.

రాత్రి పదకొండున్నరకి సంతకాలు.
పద్దెనిమిది నాలుగైంది.
అడుగునుంచి ఐదో పేరు సువార్తది.
నాలుగోది, ఆమెతో ఒకే గదిలో ఉండే అమ్మాయిది.
మెట్ల దగ్గర ఏదో అనబోయి మానుకుంది.
"పొద్దున ఆరు పది నాదే కదా సార్" అంది.

గన్నవరంలో మంచు ఇంకా విడలేదు.
కుడి సీట్లో సువార్త చెక్‌లిస్టు చదువుతోంది
ఒక్కో మాటా పలక మీద దిద్దినట్టు.
ఇంధనం. తలుపులు. దీపాలు.
జవాబివ్వాల్సింది నేను.
మూడోదానికి ఇవ్వలేదని
మళ్లీ చదివింది.