వెనకద్దం

ఎవురూ రాయి వెయ్యలేదంట.
లారీ చక్రం కిందనించి కంకర ఎగర్లేదంట.
ముత్తుకూరు అవతల, రొయ్యలగుంట గట్టు మీద
మిట్టమజ్జాన్నం నిలబెట్టిన కారు
నిలబడినచోటే, డమ్మని,
వీపు పగలగొట్టుకుంది.

రోణికార్తెకి రోళ్ళు పగులుతాయనేది మా అవ్వ.
ఇప్పుడు ఇళ్ళల్లో రోళ్ళెక్కడివి,
ఎండ గూడా చేతికందిందే పగలగొడతది.

మాల్యాద్రి, రొయ్యల డాక్టరు,
మినీ బైపాసులో మా షెడ్డు ముందర పెట్టినాడు.
వచ్చినట్టు చప్పుడు లేదు. తలెత్తితే ఉంది,
పిల్లి మాదిరి.
వెనకాల పాలిథిన్ కవరు, బ్రౌన్ టేపు.
కంతులు ఇంకా మొదలే అన్నాడు.
అద్దం మద్రాసునించి రావాల. ఐదు రోజులు అన్నా.

అంబాసిడరుకైతే సబ్బునీళ్ళు, రబ్బరు బీడింగు, ఒక తాడు.
లోపల్నించి తాడు లాగతా ఉంటే
అద్దం తనంతట తనే పొయ్యి గాడిలో కూసునేది,
అలిగిన పిల్ల అన్నం ముందుకు వచ్చినట్టు.

దీనికట్టా గాదు.
ముందు చిన్న బ్యాటరీ తీగ ఊడబెరకాల.
నారింజరంగు తీగ కనపడితే చెయ్యి వెనక్కి.
"నాలుగొందల వోల్టులు మామా" అన్నాడు ఖాదరు.
వాడు ఫోన్లో చదివినాడు,
నేను వాడి మొహంలో చదివినా.

పాత అద్దం దులిపితే కలకండ.
సీట్ల సందుల్లో, బెల్టు గూట్లో,
గుంటనీళ్ళు పట్టిన సీసాల మూతల కింద.
చీపురుతో రెండుసార్లు, వాక్యూంతో మూడుసార్లు,
ఆకర్న వేలితో. వేలికి తెలిసినట్టు మిషనుకి తెలవదు.
బొటనేల్లో ఇంకా ఒకటుంది,
అన్నం కలిపేటప్పుడు పలకరిస్తది.

కొత్తదాని పెట్టె విప్పినాము.
అద్దం నిండా సన్నటి గీతలు, ఎంట్రుక మందాన.
మంచు పడితే కరిగించేవంట.
నెల్లూర్లో!
ఖాదరు పడీపడీ నవ్వినాడు.
నేనూ నవ్వినా గానీ,
రెండు కొసలకీ క్లిప్పులు జాగర్తగా తగిలించినా.
ఎప్పుడో మార్గశిరంలో, తెల్లారుజామున, పెన్న వంతెన మీద
ఏమో, ఎవురు చెప్పొచ్చినారు.

పాత గమ్ము గీకి, ప్రైమరు పూసి,
తుపాకీతో కొత్త గమ్ము చుట్టూ ఒకటే చాలు,
జంతికలు వత్తినట్టు.
చెయ్యి యాడ ఆగితే ఆడ వానకి దారి.
ఊపిరి బిగబట్టినా.
బిస్మిల్లా అన్నాడు వాడు, నరసింహా అన్నా నేను,
కూసుంది.

సాయంత్రం మాల్యాద్రి వచ్చి లోపల కూసున్నాడు.
తలుపేసుకున్నాడు. శానాసేపు దిగలేదు.
"చప్పుడు పొయ్యింది మామా."
మంచిదేగా అన్నా.

"ఈ ఐదు రోజులూ
కవరు పటపటా కొట్టుకుంటా ఉంటే పాటలు పెట్టుకోలేదు.
గుంటల్లో చక్రాలు తిరిగేది వింటా పొయ్యేవాణ్ణి.
మొన్న రాత్రి రెండింటికి
వరసలో ఒకటి లేదు.
అన్నీ మోగతా ఉండాయి, ఒకటి మాత్రం లేదు.
వెనక్కి తిప్పినా.
మోటారు కాలిపొయ్యుంది, కాపలా ముసలాయన నిద్రలో ఉండాడు,
రొయ్యలన్నీ పైకొచ్చి
నీళ్ళంచున మీసాలు ఆడిస్తా ఉండాయి, గాలికోసం.
జనరేటరు తెచ్చి, పక్క గుంట చక్రం దింపి,
తెల్లారేదాకా.
సగానికి పైగా దక్కినాయి."

ఇంకేదో చెప్పబొయ్యి, బిల్లెంత అన్నాడు.

డబ్బులు ఎంచుకోని చెప్పినా:
టేపు రేపటిదాకా పీకబాక.
డోరు గట్టిగా వెయ్యబాక, లోపలి గాలి అద్దాన్ని తోసేస్తది.
ఒక కిటికీ వేలెడంత దించిపెట్టుకో.

"ఎన్నాళ్ళు?"

గమ్ము ఆరేదానికి ఒక రోజు.
ఆపైన నీ ఇష్టం.