చదవడానికి మాత్రమే

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద నా కొట్టు.
మిర్చి యార్డు నుంచి వచ్చిన డిస్కు
మూత విప్పగానే తుమ్మించింది.

"విండోస్ లేవట్లేదమ్మాయ్, లెక్కలన్నీ అందులోనే"
అన్నాడు కమీషన్ కొట్టు పెదకోటయ్య,
కండువాతో మెడ తుడుచుకుంటూ.

నా లినక్సుకి ఆ ఊరి భాష కొంత వచ్చు.
ముందో ఖాళీ డైరెక్టరీ చేశాను,
చుట్టం దిగడానికి ఊడ్చిన గదిలా.
మౌంట్ అన్నాను.
రానంది.
అటువాడు పూర్తిగా పడుకోలేదట,
తెరిచిన చిట్టా గుండెల మీద పెట్టుకుని
మాగన్నుగా ఉన్నాడట.
సరే, చదవడానికి మాత్రమే, అన్నాను.
తలుపు తీసుకుంది.

అను ఫాంటులో కొట్టిన పేర్లు
నా తెర మీద ఎండు కాయల్లో గింజల్లా గలగలమన్నాయి.
ఒక్కొక్కటే పోల్చుకున్నాం:
తేజ, నూట పది టిక్కీలు. తాలు, పద్దెనిమిది.
ప్రత్తిపాడు మస్తాన్‌బీకి ఇవ్వాల్సింది, నలభై ఒక్క వేలు.

అక్కడ ఆగాడు.
టీ తెప్పించాడు. వీధి వైపు చూశాడు.
"ముందున్న ఆ నాలుగు తీసెయ్. ఒకటి ఉండనీ."

తీయగలను. రూట్ నేనే.
రాసేలా మళ్ళీ మౌంట్ చేయడం ఒక్క వరుస పని.

"రాయనివ్వట్లేదండీ" అన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఆ పేజీ రెండు ప్రతులు తీశాను.
ఒకటి ఆయనకి.
ఒకటి కీబోర్డు కింద.
అన్‌మౌంట్ చేసి, దీపం ఆరాక, డిస్కు చేతిలో పెట్టాను.
మూడొందలిచ్చాడు, బేరమాడకుండా.

గది మళ్ళీ ఖాళీ.
ప్రత్తిపాడు బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.
ముక్కులో ఘాటు ఇంకా పోలేదు.