పదో వంతు

విమానంలో గంటలు కొలిచే మీటరుకు
నిమిషాలు తెలీవు.
గంటను పది ముక్కలు చేసి
ముక్కకు ఆరేసి నిమిషాల చొప్పున
చప్పుడు లేకుండా మింగుతుంది.

ముక్క ఇరవై ఆరు డాలర్లు.
నా లెక్క కూడా అలాగే మారిపోయింది:
చక్కెర దుంపల గుట్ట దగ్గర గంటా పావు నిలబడితే
ఆరు నిమిషాల ఆకాశం.
రాత్రంతా నిలబడితే ఒక గంటకి
ఇంకా ఎనిమిది డాలర్లు తక్కువ,
అదీ పన్ను కోయకముందు.

గ్రాండ్ ఫోర్క్స్‌లో అక్టోబరు.
రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా
కొండవీటి చేంతాడులా ట్రక్కులు,
దుంపలు కుమ్మరించి, మట్టి దులుపుకుని పోతాయి.
నేను నమూనా సంచి పడతాను, చీటీ కడతాను,
ఇక కదలమని డ్రైవరుకు చెయ్యూపుతాను.
పక్కన డార్లీన్. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి మానేసింది.
"పైలట్ అవుతావా, మంచిదే,
గ్లవ్స్ మాత్రం రెండు జతలు తెచ్చుకో" అంటుంది.

ఎనిమిదిన్నరకి క్లాసు. పదిన్నరకి విమానం.
నిద్ర అని రాసుకున్న గడిలో
ఎప్పుడు చూసినా ఇంకెవరో కూర్చుని ఉంటారు.

సోమవారం మబ్బులు నేలకి దిగాయి.
బుధవారం రన్‌వేకి అడ్డంగా గాలి.
శుక్రవారం ఆకాశం తోమిన కంచంలా ఉంది,
విమానానికి టైరు లేదు.
అప్పు మీద వడ్డీ ఒక్కటే
ఏ వాతావరణంలోనైనా టైముకి బయల్దేరుతుంది.

ఫార్గో నుంచి శశిరేఖ పిన్ని ఫోను:
"డబ్బంతా గాలికి పోస్తున్నావే!"
నిజమే పిన్నీ.
కొంత రెక్క కింది గాలికి, కొంత రెక్క మీది గాలికి.

ఎగిరే ముందు అడగాల్సినవి కెల్సీ అడిగింది.
నాకు నేర్పే పిల్ల, నాకన్నా నాలుగేళ్లు చిన్న.
జబ్బేమైనా? మందులు? మనసు బాగుందా?
ఎంతసేపు పడుకున్నావు?
"ఆరు" అన్నాను.
గంటలో నిమిషాలో చెప్పలేదు.
తను నా బూట్ల మట్టికేసి చూసి
తాళంచెవి తిరిగి కొక్కేనికి తగిలించింది.
ఆఖరి నిమిషంలో రద్దుకి యాభై డాలర్లు.
కోపంతో కారెక్కి, తలుపు వేసుకున్నంతే గుర్తుంది.
లేచేసరికి సాయంత్రం,
చెంప మీద సీటు కుట్టు అచ్చు.
ఆ రోజు ఎగిరి ఉంటే...
అక్కడే ఆపేశాను.

తర్వాత వాన. వానకి రెండూ పోతాయి, కూలీ, ఆకాశమూ.
కానీ ఆకాశం పొలం కన్నా ముందు ఆరుతుంది.
ఆ మర్నాడు ట్రక్కులు బురదకి భయపడి ఇంటిదగ్గరే ఉన్నాయి.
నేను తొమ్మిది గంటలు పడుకున్నాను.
ఈసారి గంటలే.

ఒంటరిగా ఎగిరాను.
పక్క సీటు ఖాళీ కాబట్టి ముక్క పద్దెనిమిదే.
గురువు లేని ఆకాశం కొంచెం చవక.
రెండు వేల అడుగుల మీంచి
ఉత్తరానికి పారే నది, దాని పక్కన నా గుట్ట,
సన్నగా ఆవిర్లు కక్కుతూ
చేటలో మిగిలిన నూకలంత.

ఇంత చిన్నదాని ముందా నేను రాత్రుళ్లు
మెడ ఎత్తి నిలబడింది?

ఇంటికి తిరగమని లోపల లెక్క గొణిగింది.
వినలేదు. రెక్క వంచి
దాని చుట్టూ ఒక్క చుట్టు తిరిగాను,
తొందర లేకుండా, ఎత్తు జారకుండా.
మీటరులో మూడు కాస్తా నాలుగైంది.

లాగ్‌బుక్కులో ఆ చుట్టుకి గడి లేదు.
దిగాక విమానం కట్టేసి
డార్లీన్‌కి మెసేజ్ పెట్టాను:
రేపు నేల ఆరుతుందంటావా?